అన్నీ అయిదులే, అయినా 146

విదేశాల్లో డాక్టరు చదువు చదివొచ్చినవాళ్లు మన దేశంలో లైసెన్సు కోసం రాసే పరీక్ష ఎఫ్‌ఎంజీఈ. దాని మూడో ప్రయత్నం ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం టెక్కలి అమ్మాయి వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. "నూట నలభై ఆరండి మేడమ్" అన్నారు. ఆ తర్వాత కాసేపు ఆయనా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. పాస్ మార్కు 300కి 150. అంతకు మూడున్నర నెలల ముందు ఆయన తెచ్చిన మార్కుల షీట్లు తిరగేసి, "ఈ మార్కులున్న పిల్లకి మూడు నెలల రివిజన్ చాలు, మీరు టెన్షన్ పడకండి" అని భరోసా ఇచ్చింది నేనే. ఈ కేసు రాయాలనిపించడానికి అసలు కారణం అదే.

నేను పాథాలజీ చెప్తాను. ఇరవై రెండేళ్లుగా మెడికల్ కాలేజీల్లో పని, అందులో సగానికి పైగా శ్రీకాకుళంలోనే. ఆదివారాలు ఏడు రోడ్ల జంక్షన్‌కి కాస్త ఎడంగా ఉన్న మా ఇంటి మేడమీద గదికి నలుగురైదుగురు పిల్లలు వస్తారు. విదేశాల్లో డాక్టరు చదువు చదివొచ్చి ఎఫ్‌ఎంజీఈ రాసేవాళ్లు. ఫీజు తీసుకోను, టీ మాత్రం వాళ్లే పెట్టుకోవాలి. ఈ కేసులో ఇద్దరున్నారు. పేర్లు రాయను, ఊరి పేరుతోనే పిలుస్తాను. ఒకరు టెక్కలి అమ్మాయి, ఇంకొకరు బొబ్బిలి కుర్రాడు. ఇద్దరూ ఒకే దేశంలో, ఒకే కాలేజీలో, ఒకే బ్యాచ్‌లో చదివారు. ఇద్దరినీ అడిగే రాస్తున్నాను.

పరీక్ష సంగతి తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. మన దేశంలో ఎంబీబీఎస్ చదివినవాళ్లకి విడిగా లైసెన్సు పరీక్ష ఇంకా లేదు. యూనివర్సిటీ ఫైనల్ పాసై, ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తిచేస్తే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఇస్తుంది. అందరికీ కలిపి నెక్స్ట్ అనే పరీక్ష పెట్టాలని 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో ఉంది. 2023 జూన్‌లో నిబంధనలు కూడా వచ్చాయి. జులై 28న మాక్ పరీక్ష అన్నారు, చివరికి అదీ వాయిదా పడింది. నీట్ పీజీ ఉంది కదా అంటారేమో, అది సీటు కోసం రాసే ర్యాంకు పరీక్ష. రాయకపోయినా ప్రాక్టీసు పెట్టుకోవచ్చు. కాబట్టి లైసెన్సు పరీక్ష అనదగ్గది ప్రస్తుతానికి ఎఫ్‌ఎంజీఈ ఒక్కటే. 2002 నుంచి నడుస్తోంది. ఏడాదికి రెండు విడతలు, జూన్‌లో ఒకటి, డిసెంబరులో ఒకటి. మొత్తం 300 ప్రశ్నలు, రెండు భాగాలు, భాగానికి 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. 150 వస్తే పాస్, 149 వస్తే ఫెయిల్. పాసయ్యేవాళ్లు చాలా విడతల్లో మూడో వంతుకి కూడా చేరరు. నెగెటివ్ మార్కులు లేవు. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పనుంది.

ఆ రోజు నేను చూసినవి

టెక్కలి అమ్మాయి మొదటిసారి 127, రెండోసారి 134. అప్పుడే వాళ్ల నాన్నగారు వెంటబెట్టుకుని వచ్చారు. ఆయనకి ఎరువుల షాపు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో ఆరేళ్ల మార్కుల షీట్లు, అనువాదాలు, స్టాంపులు. పైన ఎర్రటి అట్ట ఉన్న డిగ్రీ. సోవియట్ కాలం నుంచి వస్తున్న పద్ధతి అది. అక్కడ మార్కులు అయిదుకి వేస్తారు. అయిదంటే అద్భుతం, నాలుగంటే మంచిది, మూడంటే గట్టెక్కినట్టు. మూడు ఒక్కటి కూడా లేకుండా, ఎక్కువ భాగం అయిదులు తెచ్చుకున్నవాళ్లకి రెడ్ డిప్లొమా ఇస్తారు. ఈ అమ్మాయికి నాలుగులు వేళ్లమీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి.

"అన్నీ అయిదులే మేడమ్. మరి లోపం ఏటో తెలీట్లేదు" అన్నారాయన.

నాకూ తెలియలేదు. తెలియనప్పుడు అందరం చేసే పనే చేశాను. పిల్ల తెలివైనది, పరీక్ష పద్ధతి అలవాటు లేక తడబడింది, నాలుగు మాక్‌లు రాస్తే సర్దుకుంటుంది అనుకున్నాను. ఏ సబ్జెక్టులో ఎలా రాస్తోందో చూడలేదు. ఒక్క ప్రశ్నపత్రం కూడా ఎదురుగా కూర్చోబెట్టి రాయించలేదు. పేషెంటుని ముట్టుకోకుండా పాత రిపోర్టులు చూసి మందు రాసే డాక్టర్ని మనం ఏమంటాం? నేను చేసింది సరిగ్గా అదే.

పైగా ఎదురు సాక్ష్యం నా దగ్గరే ఉంది. బొబ్బిలి కుర్రాడు అప్పటికే మొదటి ప్రయత్నంలోనే 171 తో గట్టెక్కి, ఇక్కడ ఇంటర్న్‌షిప్ చేస్తున్నాడు. అతని షీటు నిండా మూడులూ నాలుగులూ. అనాటమీ మూడు, బయోకెమిస్ట్రీ మూడు. ఒక సబ్జెక్టు మొదటిసారి పోయి తర్వాత రాసుకున్నాడు కూడా. అతను పాసయ్యాడంటే అదృష్టమనీ, ఆ అమ్మాయి ఫెయిలైందంటే దురదృష్టమనీ సరిపెట్టేసుకున్నాను. మార్కుల మీద మాస్టార్లకి ఉండే నమ్మకం అలాంటిది. అవి వేసేది మనమే కదా!

మేడమీద 300 ప్రశ్నలు

146 వచ్చాక రెండో ఆదివారం ఆ అమ్మాయిని ఒక్కదాన్నే రమ్మన్నాను. ఎఫ్‌ఎంజీఈలో ఏ సబ్జెక్టుకి ఎన్ని ప్రశ్నలో అదే లెక్కలో 300 ప్రశ్నలు పేర్చి పెట్టాను. ఉదయం 150, మధ్యాహ్నం భోజనం చేశాక 150. గడియారం ఎదురుగా. నేను పక్కనే కూర్చుని స్లైడ్లు సర్దుకుంటున్నట్టు నటించాను. నిజానికి ఆ అమ్మాయి పెన్సిలే చూస్తున్నాను.

వచ్చినవి 145. అసలు పరీక్షకి ఒక్క మార్కు తేడా. అంటే పరీక్ష హాలు భయం, విశాఖ సెంటరు దాకా ప్రయాణం, రాత్రి నిద్రలేకపోవడం లాంటి కారణాలు పక్కన పెట్టేయొచ్చు.

సబ్జెక్టుల వారీగా విడదీస్తే చిత్రం మారిపోయింది. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ కలిపి 51 ప్రశ్నలుంటాయి. వాటిలో 39 కరెక్ట్. మా కాలేజీలో మొదటి బెంచీ పిల్లలు కూడా ఆ స్థాయిలో రాస్తే మెచ్చుకుంటాం. పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ మూడింటికీ కలిపి 39 ఉంటే 19. ఫోరెన్సిక్ పదికి మూడు. ఇక రోగి మంచం దగ్గర నేర్చుకునే సబ్జెక్టులకి వస్తే మెట్లు దిగుతున్నట్టే ఉంది. మెడిసిన్, దాని అనుబంధాలు 48 కి 23. సర్జరీ వైపు 47 కి 21. గైనిక్ 30 కి 13. పిల్లల వైద్యం 15 కి 7. కన్ను, ఈఎన్‌టీ కలిపి 30 కి 11. ఫోరెన్సిక్‌లాగే అన్నిటికంటే అడుగున కమ్యూనిటీ మెడిసిన్ (ప్రజారోగ్యం), 30 కి 9.

మార్కుల షీటులో మాత్రం ఈ సబ్జెక్టులన్నిటికీ అయిదే. 39 వచ్చిన చోటా అయిదు, తొమ్మిది వచ్చిన చోటా అయిదు.

తప్పులన్నిటినీ నాలుగు కుప్పలు పోశాం. పోయినవి మొత్తం 155. అసలు తెలియనివి 71. తెలిసీ పోగొట్టుకున్నవి 46. మన దేశపు పద్ధతి తెలియక పోయినవి 19. ఖాళీగా వదిలేసినవి 19.

ఖాళీలు చూసి నాకు మతిపోయింది. నెగెటివ్ మార్కులు లేని పరీక్షలో ఎవరైనా ఖాళీ వదులుతారా? అడిగితే తల దించుకుంది. అసలు పరీక్షలో కూడా ఇరవై దాకా వదిలేసిందట. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు ఇరవై కళ్లుమూసుకుని ఏదో ఒకటి నొక్కినా సగటున అయిదు తగులుతాయి. 146 కి అయిదు కలిపి చూడండి.

"తప్పు చెప్పడం కంటే ఊరుకోవడం నయం కదా మేడమ్" అంది.

అక్కడి పరీక్ష ఎలా ఉంటుందో అప్పుడు విడమరిచి చెప్పింది. బల్లమీద చీటీలు బోర్లించి ఉంటాయి, వాటిని టికెట్లంటారు. ఒకటి తియ్యాలి. అందులో రెండు మూడు ప్రశ్నలు. కాసేపు టైమిస్తారు, కాగితం మీద రాసుకుని వెళ్లి ఎగ్జామినర్ ఎదురుగా అప్పజెప్పాలి. తెలిసింది ధారగా చెప్తే అయిదు. మధ్యలో తప్పు మాట దొర్లితే అక్కడినుంచి తవ్వడం మొదలుపెడతారు. అందుకని సందేహమున్న మాట మింగేసి, తెలిసిన దాంట్లోకి దారి మళ్లించడం ఆరేళ్లలో బాగా వంటబట్టింది. అదో విద్యే, తేలిక కాదు. కానీ ఆ విద్య వల్లే కంప్యూటర్ ముందు ఇరవై ప్రశ్నలు ఖాళీగా మిగిలాయి.

తెలిసీ పోగొట్టుకున్న 46 లో ఒకటి చూపిస్తాను. ప్రశ్న ఇలా ఉంది: 26 ఏళ్ల గర్భిణి, అయిదో నెల, ఎనిమిది రోజులుగా జ్వరం, తలనొప్పి, రొమ్ము కింద నల్లటి పెచ్చుకట్టిన పుండు. ఏ మందు ఇస్తారు? పెన్సిలు "పెచ్చుకట్టిన పుండు" దగ్గర ఆగింది. పెదాలు "స్క్రబ్ టైఫస్" అన్నాయి. నేరుగా డాక్సీసైక్లిన్ మీదికి వెళ్లి గుండ్రం చుట్టేసింది. మొత్తం పదిహేను సెకన్లు. జబ్బు సరిగ్గానే పట్టింది, మనవైపు కొండ దిగువ ఊళ్ల నుంచి వానాకాలంలో వచ్చే జ్వరాల్లో మేం ముందు వెతికే వాటిలో అదొకటి. కానీ గర్భిణికి అజిత్రోమైసిన్ వెయ్యాలి. ఆ సంగతి తెలియదా అంటే, తెలుసు. "గర్భిణిలో డాక్సీ ఎందుకు వద్దు?" అని నోటితో అడిగితే పళ్లు, ఎముకలు, కాల్షియం అంటూ అయిదు నిమిషాలు చెప్పింది. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయి కాగితం వైపు చూసింది. టికెట్ పరీక్షలో ప్రశ్న "స్క్రబ్ టైఫస్ గురించి చెప్పు" అని వస్తుంది. మొదటి లైనులో గర్భిణి అన్న మాట ఉండదు. సమాచారంలోంచి జబ్బుని పట్టుకుని, మళ్లీ మొదటి లైనుకి వెనక్కి రావడం ఆ అమ్మాయి చేత ఎవరూ చేయించలేదు.

దేశం మారడం వల్ల పోయిన 19 ఇంకా విచిత్రం. క్షయకి మందుల కోర్సు అడిగారు. ఆ అమ్మాయి మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు ఐసోనియజిడ్, రిఫాంపిసిన్ రెండే అని పెట్టింది. ప్రపంచంలో ఎన్నో పుస్తకాల్లో అలాగే ఉంటుంది. మన జాతీయ కార్యక్రమంలో ఆ చివరి నాలుగు నెలలూ ఇథాంబ్యుటాల్ కూడా కొనసాగుతుంది. అక్కడ అయిదు తెచ్చిపెట్టిన జవాబే ఇక్కడ సున్నా అయింది. ఫోరెన్సిక్‌లో శవ పంచనామా సెక్షన్లు, కమ్యూనిటీ మెడిసిన్‌లో మన టీకాల షెడ్యూలు, ఆశా కార్యకర్త పని, సబ్ సెంటరుకి ఎంత జనాభా లాంటివి ఆ కాలేజీ చెప్పాల్సిన అవసరమే లేదు. వాళ్లు వాళ్ల దేశానికి డాక్టర్లని తయారు చేసుకుంటున్నారు. (పంచనామా సెక్షనైతే మన పిల్లలకి కూడా కొత్తే. 2024 జులై నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 174 పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194 వచ్చింది.) కరోనా ఏళ్లలో ఆన్‌లైన్‌లో చూసిన వార్డుల సంగతి ఇక్కడ ఎత్తను, అది విడిగా రాయాల్సినంత ఉంది.

మా ఇంట్లో మార్కులు కూడా తక్కువేం కాదు

ఇదంతా చదివి, విదేశీ చదువే అంత అనుకునేవాళ్లు ఉంటారు. అందుకే మా వైపు సంగతి కూడా చెప్తాను. ఎంబీబీఎస్ ప్రాక్టికల్స్‌కి నేను మా కాలేజీలో ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా కూర్చున్నాను, ఎక్స్‌టర్నల్‌గా పక్క జిల్లాలకీ వెళ్లాను. ఉదయం నుంచి అరవై మందికి వైవా (నోటి పరీక్ష) చేస్తే మధ్యాహ్నం మూడున్నరకి మన చెయ్యి ఏం వేస్తుందో మనకే తెలియదు. బాగా చెప్పినవాడికి ఒక మూడు ఎక్కువ, చెప్పనివాడికి ఒక రెండు తక్కువ. అందరూ ఒక గుప్పెట్లో ఇమిడిపోతారు. ఇంటర్నల్ మార్కులు కూడా అంతే, హాజరు, రికార్డు, పిల్లవాడి నడవడి అన్నీ అందులోనే కలుస్తాయి. రాతపరీక్షలో వ్యాసాలు, లఘు ప్రశ్నలదే పెత్తనం. కొత్త సిలబస్ వచ్చాక కూడా బహుళైచ్ఛిక ప్రశ్నలు థియరీ మార్కుల్లో 20 శాతానికి మించకూడదన్నారు. మొత్తం మార్కు అని మనం చూసే అంకె నాలుగైదు రకాల ధాన్యం కలిపి కొలిచిన కుంచం. దాన్నిబట్టి ఒక రకం పరీక్షలో ఎన్ని వస్తాయో చెప్పమంటే ఎలా?

అలాగని మార్కులకీ లైసెన్సు పరీక్షకీ సంబంధమే లేదంటే అబద్ధం అవుతుంది. అమెరికాలో డాక్టరు లైసెన్సు కోసం రాసే స్టెప్ 1 పరీక్ష మీద ఈ లెక్కలు చాలా ఏళ్లు చూశారు. మొదటి రెండేళ్ల మార్కులు బాగున్నవాళ్లు స్టెప్ 1 లోనూ బాగా రాస్తారన్నది మళ్లీ మళ్లీ తేలింది. కానీ సంబంధం ఉండటం వేరు, ఒక పిల్ల విషయంలో జోస్యం చెప్పగలగడం వేరు. రెండు అంకెల మధ్య సహసంబంధం (ఒకటి పెరిగితే రెండోదీ ఎంతవరకు కలిసి పెరుగుతుందో చెప్పే కొలత) 0.5 అనుకోండి, వినడానికి గట్టిగానే ఉంటుంది. దాని వర్గం 0.25. అంటే పిల్లల మధ్య కనిపించే తేడాల్లో పావు వంతుకే మొదటి అంకె లెక్క చెప్పగలదు. మిగతా ముప్పావు వంతు వేరే చోటినుంచి వస్తోంది. పైగా అందరి మార్కులూ ఒకే గుప్పెట్లో ఉన్నచోట ఆ పాటి సంబంధం కూడా పలచబడిపోతుంది. అందరికీ అయిదులే వేస్తే ఆ అయిదు ఎవరి గురించీ ఏమీ చెప్పదు.

నా అనుభవంలో మార్కులు నిజం చెప్పేది కింది చివర. మొదటి ఏడాది రెండు మూడుసార్లు ఆగి ఆగి పాసైన పిల్లల్లో, మధ్యలో ఏదో మారితే తప్ప, తర్వాతి పరీక్షలు తేలిగ్గా దాటినవాళ్లు నాకు తక్కువే తగిలారు. పై చివర మాత్రం గోల్డ్ మెడల్‌కీ దాని పక్కనున్న మార్కుకీ తేడా లైసెన్సు పరీక్షలో కనపడదు. ఆ పరీక్ష చూసేది ఒక గీత. గీతకి అటా ఇటా అన్నదే దానికి కావాలి. గీత చుట్టుపక్కల బాగా కొలిచేలా దాన్ని తయారు చేస్తారు, శిఖరాన ఎవరున్నారో తేల్చడం దాని పని కాదు. అమెరికాలో స్టెప్ 1 స్కోరుని పీజీ సీట్లకి జల్లెడలా వాడటం ముదిరి, చివరికి 2022 జనవరి 26 నుంచి అంకెలు ఇవ్వడం మానేసి పాస్, ఫెయిల్ మాత్రమే చెప్తున్నారు. లైసెన్సు కోసం పెట్టిన పరీక్షని ర్యాంకుకి వాడితే పిల్లలు ఎలా నలిగిపోతారో వాళ్లకి బాగా తెలిసొచ్చింది. మన నెక్స్ట్ వస్తే లైసెన్సుకీ పీజీ ర్యాంకుకీ రెంటికీ అదే పరీక్ష. నాకు ఆ విషయంలో భయమే ఉంది, ఇక్కడితో ఆపుతాను.

పద్నాలుగు వారాలు

నాలుగో ప్రయత్నానికి ముందు మాకు దొరికింది పద్నాలుగు వారాలు. మొదట చేసిన పని అనాటమీ, బయోకెమిస్ట్రీ పుస్తకాలు నాన్నగారికిచ్చి టెక్కలి పంపించెయ్యడం. పిల్ల ఏడ్చింది. రోజూ పొద్దున్నే వాటినే తెరిచేది మరి. వచ్చినదాన్నే మళ్లీ చదివితే వచ్చే ధైర్యం కోసం. 51 ప్రశ్నల్లో 39 వస్తున్న చోట ఇంకా నూనె పోసి లాభం లేదు. 30 కి 9 వస్తున్న చోట పోయాలి.

కమ్యూనిటీ మెడిసిన్‌కి రెండు వారాలు పుస్తకం కూడా ముట్టనివ్వలేదు. తెలిసిన డాక్టరుగారి ద్వారా ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాను. బుధవారం టీకాల రోజు ఏఎన్ఎమ్ పక్కన కూర్చుని కార్డులు రాసింది. తొమ్మిది నెలలు నిండిన పిల్లవాడికి మీజిల్స్ రూబెల్లా టీకా వేస్తుంటే వాడు ఏడ్చిన ఏడుపు వింది. ఆ వయసు ఇక మర్చిపోదు. క్షయ పేషెంటు కార్డు మీద రంగురంగుల మాత్రల స్ట్రిప్పులు చూసింది. వచ్చాక పుస్తకం తెరిస్తే పేజీలు వేగంగా తిరిగాయి.

చదివే తీరు కూడా మార్చాం. ఆ అమ్మాయి పద్ధతి చదవడం, గీతలు గియ్యడం, మళ్లీ చదవడం. 2006 లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగం నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను. ఒక గుంపు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివింది. ఇంకో గుంపు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లే నయం. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్లు చాలా ముందున్నారు. ఆ అయిదు నిమిషాల హాయికే మన పిల్లలు మోసపోతారు. అందుకని ముందు ప్రశ్నలు, తర్వాత చదువు అని నియమం పెట్టాను. రోజుకి 60 ప్రశ్నలు, 60 నిమిషాలు. తప్పు పోయిన ప్రతిదానికీ నోటుబుక్కులో ఒక లైను. జవాబు రాయకూడదు, ఎందుకు పోయిందో రాయాలి. "మొదటి లైను మర్చిపోయాను" అన్నది మొదటి వారంలో పేజీకి అయిదారుసార్లుంది. పదో వారానికి వెతుక్కోవాల్సి వచ్చింది.

ఖాళీల జబ్బుకి మందు చిన్నదే. ఖాళీకి ఇరవై రూపాయల చొప్పున గదిలో ఉన్న డబ్బాలో వెయ్యాలన్నాం. టీ పొడి, పంచదార దానితోనే కొన్నారు. మూడు వారాల తర్వాత మళ్లీ నా డబ్బుతోనే కొనాల్సి వచ్చింది.

బొబ్బిలి కుర్రాడిని కూడా పిలిచి అడిగాను, నువ్వెలా పాసయ్యావురా అని. నవ్వాడు. "నాకు వాళ్ల భాష సరిగా రాదు మేడమ్. టికెట్ తీసి మాట్లాడాలంటే నోరు పెగిలేది కాదు. మార్కులు ఎలాగూ రావని రెండో ఏడాది నుంచే ఫోన్లో మన ప్రశ్నలు చేసుకునేవాణ్ణి." అక్కడ వెనకబడటమే ఇక్కడ ముందుకి నెట్టింది. వార్డులో కూడా అతని తీరు వేరు. ఉద్దానం నుంచి డయాలసిస్‌కి వచ్చే పెద్దాయన ఒకరు ఎవరికీ సూది గుచ్చనివ్వడు, ఇతను వస్తే చెయ్యి చాపుతాడు. ఇలాంటివి ఏ షీటులోనూ ఎక్కవు. 2005 లో అమెరికాలో మూడు మెడికల్ కాలేజీల నుంచి వచ్చిన డాక్టర్ల మీద జరిగిన అధ్యయనంలో, తర్వాత మెడికల్ బోర్డుల చేత శిక్షలు పడ్డవాళ్లకి చదువుకునే రోజుల్లోనే నడవడి మీద ఫిర్యాదులు ఎక్కువున్నాయని తేలింది. తక్కువ మార్కులకీ కొంత సంబంధం కనిపించింది కానీ నడవడితో ఉన్నంత కాదు.

పరీక్షకి వారం ముందు మేడమీద మళ్లీ 300 ప్రశ్నలు పెట్టాను. కమ్యూనిటీ మెడిసిన్ 9 నుంచి 21 కి వచ్చింది. అనాటమీ వైపు మూడు తగ్గాయి, తగ్గనీ అన్నాను. ఖాళీలు లేవు. అసలు పరీక్షలో 163 వచ్చింది. ఈసారి ఫోన్ వాళ్ల నాన్నగారు చెయ్యలేదు, నేరుగా స్వీట్ల డబ్బాతో ఇంటికొచ్చేశారు.

ఇందులో నా వైద్యం ఎంత అన్నది నిక్కచ్చిగా చెప్పలేను. నాలుగోసారి రాసేవాళ్లకి పరీక్ష అలవాటై ఒకటో అరో పెరగడం మామూలే, 127 నుంచి 134 కి, అక్కడినుంచి 146 కి నేను వేలు పెట్టకముందే పెరుగుతూ వస్తోంది. ఒక్క కేసుతో సిద్ధాంతం కట్టకూడదు. నా వరకు మారింది ఒకటే. ఇప్పుడు ఎవరైనా ఫోల్డరు తెస్తే పక్కన పెట్టించి, ముందు ప్రశ్నపత్రం చేతికిస్తాను.

కథ అంతటితో అయిపోయిందనుకున్నాను. మొన్నామధ్య బొబ్బిలి కుర్రాడు నీట్ పీజీ రాశాడు. 200 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. అక్కడ గీత దాటితే చాలదు, లక్షల మందిలో ముందుండాలి. అనుకున్న ర్యాంకు దరిదాపులకి కూడా రాలేదు. ఎక్కడ పోయిందని చూస్తే ఎక్కువ భాగం అనాటమీ, బయోకెమిస్ట్రీ. ఆ షీటులోని మూడులు ఆరేళ్ల తర్వాత తలెత్తాయి.

టెక్కలి అమ్మాయి ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉంది. పుస్తకాలు టెక్కలి నుంచి తెప్పించుకుంది. పోయిన ఆదివారం నైట్ డ్యూటీ దిగి నేరుగా మేడమీదికొచ్చి, బోర్డు మీద బయోకెమిస్ట్రీలోని యూరియా సైకిల్ గీసి అతనికి చెప్పడం మొదలుపెట్టింది. ధారగా, ఒక్క మాట తడబడకుండా చెప్తోంది. అతను సగంలో చెయ్యెత్తాడు.

"సరేగానీ, ఇందులోంచి ప్రశ్న ఎలా అడుగుతాడంటావ్?"

సుద్దముక్క అక్కడే ఆగిపోయింది. ఇద్దరూ నావైపు చూశారు. టీ పెట్టుకు రండి, ముగ్గురం కలిసి ఒకటి తయారు చేద్దాం అన్నాను.